నెలలు నిండినోళ్ల ఇల్లు

నేరేడుగూడలో ఆరిక ఎండమ్మ చేతుల మీదుగా పుట్టనివాళ్లు తక్కువ. ఊళ్లో మొగవాళ్లు మీసాలు దువ్వుకుంటూ తగువులాడుకుంటుంటే ఆవిడ అరుగు మీద కూర్చునే, "నిన్ను కాళ్లట్టుకుని తలకిందులుగా ఏలాడేసి ఈపు మీద సరిసినాను, మరిసిపోనావేటి?" అనేది. తగువు అక్కడితో సరి. అలాంటి మంత్రసాని ఇంటికి కోడలై వచ్చింది సింగారమ్మ.

సింగారమ్మది అవతలి కొండ. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివింది. తల్లి మంచానపడితే పుస్తకాలు కట్టగట్టి అటకమీద పెట్టేసి ఇంటికొచ్చింది. తల్లి లేచి తిరిగేసరికి పెళ్లి ఈడు వచ్చేసింది. ఎండమ్మ కొడుకు పోలయ్యకిచ్చి చేశారు. పోలయ్య మంచివాడే. మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

తొలి కాన్పు శ్రావణ మాసంలో వచ్చింది. వాన పట్టు విడవలేదు. నొప్పులు మొదలై పొద్దెక్కినా బిడ్డ కిందికి జరగలేదు. ఎండమ్మ తనకు తెలిసిందంతా చేసింది. చివరికి బయటికొచ్చి, డోలీ కట్టమంది. దుప్పటి వెదురుబొంగుకి కట్టి, అందులో సింగారమ్మని కూర్చోబెట్టి, వంతులవారీగా భుజాలు మార్చుకుంటూ మొగవాళ్లు కొండ దిగారు. కింద గెడ్డ పొంగి పారుతోంది. దాటే దారి లేదు. ఆ ఒడ్డునే, టేకాకుల గొడుగుల కింద, బిడ్డ పుట్టాడు. మగపిల్లాడు. ఏడవలేదు.

సింగారమ్మకి ఆ తర్వాత సంగతి సగమే గుర్తు. ఒంట్లో రక్తమంతా నేలపాలవుతుంటే అత్త పిడికిలి బిగించి పొట్టని నొక్కిపట్టి, గెడ్డ తీసేదాకా కదలకుండా అలాగే ఉందని మిగిలినవాళ్లు చెప్పారు. ఆమెకి బాగా గుర్తున్నది ఒక్కటే. అంతా అయ్యాక ఎండమ్మ నీళ్ల దగ్గర కూర్చుని, శుభ్రంగా ఉన్న చేతుల్ని మళ్లీ మళ్లీ కడుక్కుంటోంది.

ఆ బిడ్డ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అత్త కోడలికి కోడిని కోసి పులుసు పెట్టింది, నెత్తిన నూనె అంటింది, పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మాట మాత్రం ఎత్తలేదు.

మళ్లీ నెల తప్పిన సంగతి సింగారమ్మ అత్తకంటే ముందు నర్సు సుభాషిణికి చెప్పింది. సుభాషిణిది మైదానపు ఊరు. బొద్దుగా ఉంటుంది, కొండెక్కడం ఆమెకి గండం. అయినా నెలనెలా మందుల పెట్టె పట్టుకుని ఆయాసపడుతూ వచ్చేది. వచ్చి ముందు ఎండమ్మ అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగేది. సింగారమ్మకి రక్తం తక్కువగా ఉందని, కింద సంతవూళ్లో పెద్దాసుపత్రికి దగ్గర్లోనే ప్రభుత్వం కొత్తగా ఒక ఇల్లు తెరిచిందని చెప్పింది. కొండమీది ఆడవాళ్లు నెలలు నిండే ముందే వచ్చి అక్కడ ఉండొచ్చు. మంచం, తిండి, మందులు అన్నీ వాళ్లవే. నొప్పులు రాగానే కారులో ఆసుపత్రికి తీసుకెళ్తారు. డోలీ అక్కర్లేదు.

ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ఊరికే అన్నం ఎవరు పెడతారు, దీని వెనకాల ఏదో ఉంది అన్నారు. పిల్లలు పుట్టకుండా కోసేస్తారని ఒకరు, బిడ్డని మార్చేస్తారని ఒకరు. పోలయ్య మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా గొడ్డలి భుజానేసుకుని అడవికి వెళ్లిపోయేవాడు.

ఎనిమిదో నెల నిండుతుండగా ఒక పొద్దున్న ఎండమ్మ ఆముదం గోరువెచ్చ చేసి కోడలి పొట్ట మీద రాసింది. ఇటు తడిమింది, అటు తడిమింది. చేతులు ఒకచోట ఆగిపోయాయి. సింగారమ్మ అత్త మొహం చూసింది. ఆ మొహంలో ఏమీ లేదు. అందుకే భయమేసింది. ఎండమ్మ చేతులు తుడుచుకుని బయటికి వెళ్లింది. కొడుకు కత్తికి పదును పెట్టుకుంటున్నాడు.

"పోలీ, కోడల్ని కిందకి పంపించాల."

"ఏటికమ్మా? నువ్వున్నావు కదేటి."

"ఉన్నాను. ఆ గెడ్డ ఒడ్డునా నానే ఉన్నాను."

పోలయ్య చేతిలో కత్తి ఆగింది. ఆ తర్వాత తల ఎత్తకుండానే, పోడులో విత్తనం పడాల్సిన రోజులని, ఆడది ఊరు కాని ఊళ్లో అన్నాళ్లుంటే జనం ఏమంటారని గొణిగాడు. ఎండమ్మ వినిపించుకోలేదు. అప్పటికే పక్కింటి గుజ్జమ్మ గోడ అవతల చెవి రిక్కించింది. వాళ్లిద్దరికీ పడుచుతనం నుంచీ పడదు.

"మంత్రసాని ఇంటి కోడలు ఆస్పత్రిలో కంటాదంట. సేతులకి తుప్పట్టీసిందేటి వొదినా?" అంది గుజ్జమ్మ, వీధంతా వినేటట్టు.

"తుప్పట్టనేదు గనకే తెలస్తంది," అంది ఎండమ్మ. "బిడ్డ అడ్డం తిరిగున్నాది. మా అమ్మ సేతులకైనా, నా సేతులకైనా ఇది లొంగదు. రేపు నీ కోడలికి ఇలగైతే దాన్నీ పంపిస్తాను. అప్పుడూ ఇలగే నవ్వు."

గుజ్జమ్మ గోడ దగ్గర్నుంచి తప్పుకుంది. ఆ మాట ఒప్పుకోవడానికి అత్తకి ఎంత కష్టమై ఉంటుందో సింగారమ్మకి లోపల కూర్చునే తెలిసింది. ఊళ్లో ఆవిడ పరువంతా ఆ రెండు చేతుల్లోనే ఉంది మరి.

అలా సింగారమ్మ కొండ దిగింది. ఇంకా గట్టిగానే నడుస్తోంది గనక సగం దూరం నడిచి, సగం జీపులో వచ్చింది.

ఆ ఇంటికి గోడమీద పెద్ద పేరేదో రాసి ఉంది గానీ, కొండవాళ్లు దాన్ని నెలలు నిండినోళ్ల ఇల్లనే అనేవారు. పాత హాస్టలుకి సున్నం కొట్టించి, వరసగా మంచాలు వేశారు. మంచం మీద పడుకుంటే పడిపోతానేమోనని సింగారమ్మ కింద చాప పరుచుకుంది. చుట్టూ చూస్తే అందరూ అదే పని చేసి ఉన్నారు. పక్క మంచం పాలమ్మది. సవర పిల్ల, తొలి చూలు. ఆమెకి తెలుగు కొంచెమే వచ్చు, ఏడవడం బాగా వచ్చు.

అక్కడ ఎవరూ చెడ్డగా చూడలేదు. వంటమనిషి కూర్మమ్మ వేళకి వండేది, గరిటె నిండా వడ్డించేది. తెల్లటి అన్నం, సాంబారు, వంకాయ కూర, గుడ్డు. కొండ కడుపులకి అది దిగేది కాదు. పొద్దున్నే ఇడ్లీలు పెడితే పాలమ్మ వాటిని వేలితో నొక్కి చూసి పక్కన పెట్టేది. సింగారమ్మకి తిన్నా ఆకలి తీరినట్టుండేది కాదు. ఎర్ర మాత్రలు ఇస్తే చాలామంది నోట్లో వేసుకున్నట్టు చేసి పరుపు కింద దాచేవారు. ఫ్యాను చప్పుడికి నిద్ర పట్టేది కాదు. ఒకరోజు పాలమ్మ స్నానానికని వెళ్లి, అటునుంచి అటే జీపెక్కి ఊరికి పోయింది. ఆ ఖాళీ మంచం చూస్తూ సింగారమ్మకి కూడా మనసు నిలవలేదు.

సంత రోజున ఆమె కూడా బట్టలు మూట కట్టుకుని, కూర్మమ్మ కూరగాయలు తరుగుతుండగా గేటు దాటింది. జీపులు ఆగే చోటికి వెళ్లి నిలబడింది. మొదటి జీపు వచ్చింది. అందులోంచి, నెత్తిన సంచితో, ఎండమ్మ దిగింది.

"యాడికే?"

"సబ్బు కొందావని, అత్తా."

"సబ్బుకి మూటెందుకే?"

సింగారమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎండమ్మ తిట్టలేదు. అక్కడే రోడ్డు పక్కన కూర్చోబెట్టి, ఎవరైనా ఏమైనా అన్నారా, కొట్టారా అని అడిగింది. లేదంది. మరేంటి బాధ అంటే, ముందు పాలమ్మ పారిపోయిన సంగతి చెప్పి, తన సంగతి చెప్పడానికి సిగ్గేసి, చివరికి అంబలి అంది. ఎండమ్మ సంచి మళ్లీ నెత్తినెత్తుకుని, "పద," అంది. ఆ సంచిలో ఉన్నది అంబలి కాచే చోడిపిండే.

తిన్నగా వంటింట్లోకి వెళ్లి, అడక్కుండానే సాంబారు గరిటెతో తీసుకుని రుచి చూసింది. కూర్మమ్మ మొహం ముడుచుకుంది. కొండ పని లేనప్పుడు ఆ ఇంటినీ చూసుకునే సుభాషిణి పరుగున వచ్చింది.

"బాగానే ఉన్నాది," అంది ఎండమ్మ. "ఉప్పుంది, పులుపుంది. కానైతే ఇది మాకు కూడు కాదమ్మా."

"ఏం కావాలి పెద్దమ్మా, చెప్పండి," అంది సుభాషిణి.

"సోడంబలి."

"అంతేనా?"

"అంతేనా అంటావేటి. పొద్దున్న కడుపులో అది పడకపోతే మాకు తెల్లారినట్టే కాదు. పాలమ్మ పారిపోనాదంటే మరెందుకనుకున్నావు?"

సుభాషిణి నుదురు కొట్టుకుని నవ్వింది. నెలరోజులుగా ఆ ఆడవాళ్లు ఎందుకు చిక్కిపోతున్నారో తెలియక పైవాళ్లకి ఏం చెప్పాలో తోచక ఉందట. చోళ్లల్లో, అదే రాగుల్లో, బలం ఉందని తను పాఠంలో చదివిందే గానీ, ఈ ముక్క తట్టలేదంది. అప్పటికప్పుడు పై అధికారికి ఫోన్ చేసింది. ఆయనా కాదనలేదు. చోళ్లు, సామలు, ఆకుకూరలు సరుకుల్లో చేర్చమన్నాడు.

అయితే సుభాషిణి కూడా ఊరికే వదల్లేదు. అంబలి పెడతాను గానీ, పరుపుల కింద మాత్రల సంగతేంటో చూడమంది. ఎండమ్మ పరుపులు ఎత్తించింది. ఎర్రగా గుట్టలు. అందరి మొహాలూ వేలాడాయి. ఆవిడ కూర్చుని ఒక మాత్ర చేతిలోకి తీసుకుంది.

"ఇదేటి సేస్తాదమ్మా?"

"రక్తం పట్టిస్తుంది పెద్దమ్మా. సింగారమ్మకి కిందటిసారి పోయింది కదా, అది."

ఎండమ్మ ఆ మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు. "నానేటీ సావనేదు," అంది. "మింగండి."

ఆ సంతలోనే పాలమ్మ ఊరివాళ్లు కనిపిస్తే కబురు పంపింది. మరుసటి సంతకి పాలమ్మ మొగుడే ఆమెని వెంటబెట్టుకుని వచ్చి దిగబెట్టాడు. ఆ పిల్ల అంబలి రెండు లోటాలు తాగి, సవర భాషలో ఏదో అంది. అర్థం ఎవరికీ తెలియలేదు గానీ కూర్మమ్మ తెగ మురిసిపోయింది. కలిపింది ఆవిడే మరి.

సింగారమ్మకి నొప్పులు మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చాయి. కారు గేటు దగ్గరే ఉంది. నొప్పి గట్టిపడక ముందే ఆసుపత్రిలో ఉంది. ఎండమ్మ అదృష్టం కొద్దీ ఆ వారం కిందనే ఉంది. ఆ రోజు సంతవూరికి దిగి ఉన్న పోలయ్యకి కబురు వెళ్లింది. హేమవతి అని డాక్టరమ్మ, చిన్నదే, చూసి బిడ్డ ఇంకా అడ్డంగానే ఉందని, ఆపరేషన్ చేయాలని చెప్పింది. తలుపు వేశారు.

పుట్టుకకి తలుపు బయట ఉండటం ఎండమ్మకి అదే మొదటిసారి. ఆవిడ బెంచీ మీద కూర్చోలేదట. గోడకానుకుని నిలబడి, ఆ తలుపునే చూస్తూ ఉందట. ఆ సంగతి తర్వాత పోలయ్య సింగారమ్మకి చెప్పాడు. అతను రొప్పుకుంటూ వచ్చేసరికి తల్లి అలాగే ఉంది. లోపలి నుంచి ఏడుపు వినిపించాక అక్కడే నేల మీద కూలబడింది.

ఆడపిల్ల. సింగారమ్మకి తెలివి వచ్చేసరికి పక్కన అత్త ఉంది, మంచం చివర డాక్టరమ్మ కుట్టు చూస్తోంది. బిడ్డని నర్సు ఎండమ్మకి అందివ్వబోతే, ఆవిడ ఆగమని వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది. బిడ్డని అందుకుని, వేళ్లు చూసింది, పాదాలు చూసింది, గుండె మీద చెవి ఆనించింది. అప్పుడు డాక్టరమ్మ వైపు తిరిగింది. అంతవరకూ ఇంట్లో ఎన్నడూ నోటి వెంట రాని మాట అప్పుడు అడిగింది.

"అమ్మా. ముందు ఒక గుంటడు పుట్టినాడు. నా సేతుల్లోనే. ఆడ్ని కూడా ఇలగ తీసుంటే బతికీవోడేనా?"

సింగారమ్మ కళ్లు మూసుకుంది.

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసి పక్కన పెట్టి, ఎండమ్మ దగ్గరగా వచ్చింది.

"బతికేవాడేమో. నాకు నిజంగా తెలీదు, పెద్దమ్మా," అంది. "కానీ సుభాషిణి చెప్పగా నాకు తెలిసింది ఒకటుంది. అంత రక్తం పోయాక, ఆ వానలో, మందు లేకుండా ఈ అమ్మాయిని మీరు నిలబెట్టారు. నా దగ్గరికి వచ్చేదాకా మీరు బతికించి ఉంచారు. కాబట్టే ఇవాళ ఈ పిల్ల పుట్టింది."

ఎండమ్మ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. తర్వాత బిడ్డని కోడలి పక్కలో పడుకోబెట్టి, కోడలి తల నిమిరి, "నిద్దరోయే, నానున్నాను," అంది. సింగారమ్మ అత్త చెయ్యి పట్టుకుని, ఆ పోయిన బిడ్డ కోసం అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు. దాని తర్వాత ఇంట్లో వాడి మాట ఎత్తుకోగలిగారు.

పిల్లకి లావణ్య అని పోలయ్యే పేరు పెట్టాడు. ఆ పేరు ఎక్కడ విన్నాడో అడిగితే చెప్పడు.

కొండ మీద పిల్ల పాకే ఈడుకి వచ్చాక సుభాషిణి మళ్లీ ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది. ఆ ఇంట్లో ఆయా కావాలి, చదువు కొంచెం ఉండాలి, కొండ భాషలు తెలిసిన మనిషైతే మేలు అంది. సింగారమ్మ మొగుడి వైపు చూసింది. పోలయ్యేమో, మొగుడు కొండ మీద, పెళ్లాం కిందా అయితే అదేం కాపురం అన్నాడు.

"మీ అయ్య ఎదురుబొంగులు కొట్టడానికెల్లి రెండేసి నెలలు రానప్పుడు నాను అడిగినానేటి, ఇదేటి కాపరమని?" అంది ఎండమ్మ. "ఎల్లనీ. పిల్లని నాను సూసుకుంటాను."

పోలయ్య గొడ్డలి తీసుకుని అడవికి వెళ్లాడు. సాయంత్రానికి వచ్చి, భార్య బట్టలకి రేకు పెట్టె ఒకటి ఎక్కణ్ణుంచో తెచ్చి గుమ్మంలో పెట్టాడు. అతని ఒప్పుకోలు అలాగే ఉంటుంది.

ఆయాగా ఉన్న రోజుల్లో సింగారమ్మ భయపడి వచ్చిన ప్రతి పిల్లకీ ముందు చాప పరిచేది, తర్వాత నెమ్మదిగా మంచం అలవాటు చేసేది. కుయి, సవర, తెలుగు కలగలిపి మాట్లాడేది. పారిపోదామని చూసేవాళ్లని గేటు దగ్గర పట్టుకుని, "సబ్బు కొందావనేనా?" అని అడిగేది. వాళ్లకి అర్థమయ్యేది కాదు. కూర్మమ్మ మాత్రం వంటింట్లోంచి పడీపడీ నవ్వేది.

సుభాషిణే ఆమె చేత పదో తరగతి పరీక్ష ఇంటి దగ్గర నుంచే కట్టించింది. లెక్కల్లో ఒకసారి తప్పింది. రెండోసారి గట్టెక్కింది. తర్వాత ఇంటరు. ఆపైన కొండ ఆడపిల్లలకి నర్సు శిక్షణలో ప్రభుత్వం సీట్లు ఇస్తోందంటే అర్జీ పెట్టారు. వచ్చింది. హాస్టల్లో తన కంటే చిన్నపిల్లల మధ్య, ఇంగ్లీషు పేర్లు నోరు తిరక్క, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు కూతురు తనని చూసి నానమ్మ వెనకాల దాక్కుంటే, ఇదంతా ఎందుకు మొదలుపెట్టానా అని ఏడ్చిన రోజులున్నాయి. తెల్లచీర కట్టుకుని మొదటిసారి నేరేడుగూడ వెళ్లిన రోజున గుజ్జమ్మే ఎదురొచ్చి, తన కోడలికి ఐదో నెలని, చూడమని అడిగింది. సింగారమ్మ చూసింది. ఎండమ్మ అరుగు మీద నుంచి ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడకి అది ఎంత కష్టమో ఊరంతటికీ తెలుసు.

ఇప్పుడు సింగారమ్మ అవతలి కొండమీద ఉపకేంద్రంలో నర్సు. అన్నీ చక్కబడ్డాయని కాదు. తారురోడ్డు చివరి ఎత్తు కింద ఆగిపోయింది. వానల్లో అక్కడి నుంచి ఇంకా డోలీయే. సంతవూరి ఆసుపత్రిలో హేమవతి డాక్టరమ్మ బదిలీ అయ్యాక చాలా రోజులు ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరైనా ప్రభుత్వం ఏం చేసిందని అడిగితే, సింగారమ్మ ఇవన్నీ చెబుతుంది. చెప్పి, కూతుర్ని పిలిచి చూపిస్తుంది.

ఏటా కందికొత్తల పండగకి నేరేడుగూడలో కొత్త కందులు ముందు కొండదేవతకి పెట్టి, తర్వాత పెద్దలకి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు తింటారు. కొన్నేళ్లుగా ఎండమ్మ ఇంట్లో ఇంకో వాటా తీస్తున్నారు. అది కిందింటికి, నెలలు నిండినోళ్ల ఇంటికి. పండగ మర్నాడు ఆవిడ కందుల బుట్ట నెత్తిన పెట్టుకుని, తారురోడ్డు దాకా దిగి, బస్సెక్కుతుంది. ఆడవాళ్లకి టికెట్టు లేదని ప్రభుత్వం చెప్పినప్పటి నుంచి ఆవిడకి బస్సంటే మహా ఇష్టం. ఈసారి కండక్టరు బుట్ట చూసి, "మామ్మా, నీకు టికెట్టు లేదు గానీ బుట్టకి ఉంది," అని ఆట పట్టించాడట.

"అందులో ఉన్నది కడుపుతో ఉన్న ఆడోళ్లకి, బాబూ. అదీ ఆడదే, సున్నా కొట్టు," అందట ఎండమ్మ.

సింగారమ్మ ఆ రోజు సెలవు పెట్టి, లావణ్యని తీసుకుని వచ్చి ఆ ఇంట్లోనే అత్తని కలుసుకుంది. సుభాషిణికి మోకాళ్ల నొప్పులు, కొండెక్కడం మానేసింది, ఆ ఇంటి బాగోగులే చూస్తోంది. కూర్మమ్మ పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. కందులు ఉడుకుతుంటే వాసనకి మంచాల మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే, పొట్టలు పట్టుకుని, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చున్నారు. లావణ్య ఆకులు వేసింది. ఎండమ్మ అందరికీ తనే వడ్డించి, ఆఖర్న సుభాషిణి ఆకులో ఇంకో గరిటె వేసింది. వద్దు పెద్దమ్మా అన్నా వినలేదు.

"తిను," అంది. "నువ్వు ఎక్కి రాకపోతే మాకు దిగడం తెలీదు."